మార్కీ, మార్క్వెస్: ఒకే బిరుదు, రెండు రాజ్యాలు

ఫ్రాన్స్‌లో మార్కీ, ఇంగ్లండులో మార్క్వెస్ ప్రభువుల బిరుదులు; రెండూ డ్యూక్‌కు కింద, కౌంట్‌కు (ఇంగ్లండులో ఎర్ల్‌కు) పైన ఉండే హోదాలే. సరిహద్దు ప్రాంతాల పాలకుల నుంచి వచ్చిన బిరుదు ఇది.

ఫ్రాన్స్‌లో 'మార్కీ' (marquis) చివరి అక్షరం 's' పలకరు, భార్య 'మార్కీజ్'. రాజు ఇచ్చిన పత్రం లేకుండానే చాలామంది ఈ బిరుదు తగిలించుకోవడంతో అక్కడ దాని విలువ పలచబడింది. 1790లో విప్లవ సభ ప్రభు బిరుదులన్నీ రద్దు చేసింది. నెపోలియన్ కౌంట్లను, బారన్లను సృష్టించాడు కానీ మార్కీలను కాదు.

ఇంగ్లండుకు 1385లో చేరిన 'మార్క్వెస్' అరుదుగానే ఉండిపోయింది; భార్య 'మార్షనెస్'. పిలుపులో మాత్రం 'లార్డ్' అంటారు. అందుకే వెల్లెస్లీ, డల్హౌసీ మార్క్వెస్‌లని మన పాఠ్యపుస్తకాలు చదివితే తెలియదు. బొబ్బిలి యుద్ధంలో కనిపించే ఫ్రెంచి సేనాని బుస్సీ మాత్రం మార్కీ. ఆయన్ని మార్క్వెస్ అని రాస్తే తప్పు.