ఒర్వియేతో: ఒక్క పూటలో చూసి వచ్చే ఊరు కాదు

ఇటలీలో రోమ్ వెళ్లేవాళ్లు చాలామంది ఒర్వియేతో అనే కొండ మీది ఊరికి పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం, కానీ అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, పరుగులు పెట్టించడం ఎందుకని రెండు రాత్రులు ఉన్నాం. ఎంత మంచి పని చేశామో అక్కడికి వెళ్లాకే తెలిసింది.

రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి మామూలు రైల్లో గంటంబావు దాకా పడుతుంది. స్టేషన్ కొండ కింద, ఊరు పైన. అగ్నిపర్వతం బూడిద గట్టిపడి ఏర్పడిన రాతి దిబ్బ మీద, చుట్టూ కోటగోడల్లా నిటారుగా తెగిన అంచులతో ఉంటుంది. స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్, అంటే తాడుతో లాగే రైలు, కొద్ది నిమిషాల్లో పైకి చేరుస్తుంది, అక్కడి నుంచి చర్చి దాకా చిన్న బస్సు ఉంది.

బస దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. లిఫ్ట్ ఉందని రాశారు, తీరా వెళితే లేదు, మూడో అంతస్తు. పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసే ముందే మెసేజ్ పెట్టి, లిఫ్ట్ గది దాకా వస్తుందా అని అడిగి జవాబు రాయించుకోండి. అయినా సరే, కింద స్టేషన్ పక్కన చవగ్గా దొరుకుతుందని అక్కడ దిగకండి, పైనే ఉండండి. సాయంత్రం గుంపులు వెళ్లిపోయాక ఆ వీధులే వేరుగా ఉంటాయి.

ఆ చర్చిని, అంటే 1290లో కట్టడం మొదలైన కతెడ్రల్‌ని, రెండుసార్లు చూడాలి. పొద్దున లోపలికి, సాయంత్రం బయటి నుంచి. ముఖభాగం పడమటి వైపుంది కాబట్టి పొద్దువాలేటప్పుడు దాని బంగారు మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న ముక్కలు అతికి చేసిన బొమ్మలు, వెలుగుతాయి. లోపల సాన్ బ్రిజియో చాపెల్ అనే చిన్న ప్రార్థన గదిలో చిత్రకారుడు లూకా సిన్యొరెల్లి 1499 నుంచి 1504 దాకా వేసిన ప్రళయకాలపు చిత్రాలున్నాయి. చచ్చినవాళ్లు నేలలోంచి లేస్తుంటారు, కొందరు ఇంకా ఎముకల గూళ్లే, కొందరికి ఒంటికి కండ వచ్చేసింది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఫ్యునిక్యులర్ దిగిన చోటికి దగ్గర్లోనే ఉన్న సాన్ పత్రీజియో బావి. 1527లో రోమ్‌ని సైనికులు దోచుకున్నప్పుడు ఏడో క్లెమెంట్ పోప్ ఇక్కడికి పారిపోయి వచ్చాడు, ముట్టడి పడితే కొండ మీద నీళ్లకి కరువొస్తుందని తవ్వించాడు. పూర్తయ్యేసరికి 1537, అప్పటికి ఆయన లేడు. మనకి దిగుడుబావులు తెలుసు కదా, ఇది ఇంకో రకం తెలివి. 53 మీటర్ల లోతు, బావి చుట్టూ ఒకదానికొకటి తగలకుండా తిరిగే రెండు మెట్లదారులు, ఒక్కోటి 248 మెట్లు. నీళ్లు మోసే కంచరగాడిదలు ఒక దారిలో దిగి, ఇంకో దారిలో ఎక్కేవి, ఎదురుపడే మాటే లేదు. అడుగున చిన్న వంతెన ఉంది, అక్కడ చల్లగా ఉంటుంది. దిగడం తేలికే, ఎక్కేటప్పుడే ఆయాసం. అత్తయ్య పైనే ఉండిపోయారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని బలవంతపెట్టకండి.

కొండ లోపల తొలిచిన గుహల్ని గైడ్‌తో చూశాం. ఊరి కింద 1200కి పైగా ఉన్నాయి, పావురాలు పెంచడానికి గోడల్లో తొలిచిన గూళ్లు, నూనె గానుగ చూపించారు. కొన్నిచోట్ల మెట్లు మరీ ఇరుకు.

తిండికి టెన్షన్ పడ్డాం, అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. ఉంబ్రికెల్లి అని లావుపాటి పాస్తా, మామూలుగా పిండీ నీళ్లతోనే చేస్తారు, టమాటా వెల్లుల్లితో అడిగితే ఇష్టంగా తిన్నారు. గుడ్డు, మాంసం లేవని ముందే అడగండి. చాలా హోటళ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక మూసేసి రాత్రి ఏడున్నరకి గానీ తెరవవు, పెద్దవాళ్లకి మధ్యలో ఏదైనా కొని ఉంచండి.

చివరి పొద్దున టాక్సీలో కొండ కిందున్న ఎట్రస్కన్ల (రోమన్లకి ముందు ఇక్కడ బతికినవాళ్ల) సమాధులకి వెళ్లాం. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దానివి, వీధుల్లో ఇళ్లలా వరసగా కట్టారు, గుమ్మాల మీద ఆ ఇంటివాళ్ల పేర్లు కుడి నుంచి ఎడమకి చెక్కి ఉన్నాయి. మేం వెళ్లినప్పుడు మరో ఇద్దరే ఉన్నారు. అత్తయ్య ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి ఆ అక్షరాల్ని తడిమి చూసినట్టు చూశారు, రైలు టైమ్ అవుతోందని నేనే తొందరపెట్టాను.