చోడి అంబలా, ఓట్స్ జావా: పొద్దుటి పూట ఏది మేలు?

బీచ్ రోడ్డులో నడక ముగించి, బండి దగ్గర చోడి (రాగి) అంబలి తాగి, ఇంటికెళ్ళాక ఓట్స్ కూడా వండుకునేవాళ్ళు విశాఖలో ఉన్నారు. రెండూ జావలే గానీ అవి చేసే పనులు వేరు.

కొలెస్ట్రాల్ తగ్గాలంటే ఓట్సే మేలు, ఇందులో మొహమాటం అక్కర్లేదు. వాటిలో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కొత్త పైత్యరసం కోసం కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. అయితే రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ పడాలి. 40 గ్రాముల ఓట్స్‌లో ఉండేది ఒకటిన్నర గ్రాము చిల్లర. అంటే దాదాపు 75 గ్రాములు, రెండు పూటలుగా, రోజూ తినాలి. వారానికి రెండుసార్లు తిని రిపోర్టులో తేడా వెతకడం దండగ. చోళ్ళలో పీచు తక్కువేం కాదు, ఈ జిగురు రకం మాత్రం అంతగా లేదు.

కాల్షియం దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాములుంటే, ఓట్స్‌లో 50కి అటూ ఇటూ. పాలకంటే మూడు రెట్లన్న వాట్సాప్ మాట అబద్ధం కాదు గానీ, పూటకు 100 గ్రాముల పిండి ఎవరూ తాగరు. చిక్కగా కాచుకున్నా మనిషికి 40 గ్రాములు, దాంట్లో 140 మిల్లీగ్రాములు. గ్లాసు ఆవుపాలలోనే 240 దాకా వస్తుంది. బండి మీది పల్చటి గ్లాసు గురించి చెప్పనే అక్కర్లేదు. పెద్దవాళ్ళకు రోజుకు 1000 కావాలి.

పైగా చోళ్ళలోని ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు కాల్షియాన్ని, ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. పిండిని పులియబెట్టేది ఇందుకే, రుచి కోసమే కాదు. చోడి పుట్టిల్లయిన తూర్పు ఆఫ్రికాలోనూ ఉజి అనే జావకు పిండిని పులియబెట్టే అలవాటుంది. పొద్దున్నే పిండిని వేడినీళ్ళలో కలిపి తాగేస్తే సగం లాభం పోయినట్టే.

ఇద్దరికి 80 గ్రాముల పిండిని రెండు గ్లాసుల చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి రాత్రి మూతపెట్టండి. మన ఉక్కపోతకు ఎండాకాలంలో ఎనిమిది గంటలు చాలు, పన్నెండు దాటితే పులుపు ముదిరి గొంతు పట్టేస్తుంది. పొద్దున మూడు గ్లాసుల నీళ్ళలో రెండు చెంచాల వరి నూక మెత్తగా ఉడికించి, సెగ తగ్గించి, పులిసిన పిండిని సన్నధారగా పోస్తూ కలపాలి. పది నిమిషాలు కాగి, పచ్చివాసన పోయి, రంగు ముదిరితే ఉడికినట్టు. పిండిని పొడిగా మరిగే నీళ్ళలో వేస్తే పైపొర ఉడికి లోపల పచ్చిపిండితో ఉండలు కడుతుంది. వేడి మీద మజ్జిగ పోస్తే విరుగుతుంది, పూర్తిగా చల్లారాకే పొయ్యాలి. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. బీపీ ఉన్నవాళ్ళు ఆవకాయ జోలికి పోకుండా ఉంటే మంచిది.

స్కాట్లాండ్‌లో ఓట్స్ జావ అంటే ముతకగా విరిచిన గింజ, నీళ్ళు, ఉప్పు, అంతే. అక్కడి కారబ్రిడ్జ్ అనే ఊళ్ళో 1994 నుంచి జావ కాచే పోటీలే పెడుతున్నారు. మన దుకాణాల్లో దొరికే మసాలా ఓట్స్ ప్యాకెట్‌కూ దానికీ చుట్టరికం తక్కువ. ప్యాకెట్‌లో ఉప్పెంతో చూసి కొనండి.

షుగరున్నవాళ్ళకు గింజ పేరుకంటే ముతకదనం ముఖ్యం. మెత్తటి చోడిపిండిని పల్చగా కాచి గటగటా తాగినా, రెండు నిమిషాల ఓట్స్ తిన్నా గ్లూకోజ్ త్వరగా ఎక్కుతుంది. బెల్లం వేస్తే ఇక చెప్పాలా! విరిచిన ఓట్స్, లేదా జల్లించని చోడిపిండితో చేసిన రొట్టె నయం. పక్కన గుడ్డో, గుగ్గిళ్ళో ఉంటే ఇంకా నయం. బియ్యంతో చైనావాళ్ళు కాచే కాంజీ, మన గంజన్నం జ్వరం రోజులకు బాగుంటాయి, షుగరుకు కాదు.

గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివాళ్ళకు చోళ్ళే భద్రం. ఓట్స్ చాలాసార్లు గోధుమ ఆడే మిల్లుల్లోనే ఆడిస్తారు, కలిసిపోతాయి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళున్నవాళ్ళు రోజూ చోడి తాగేముందు డాక్టరుతో మాట్లాడాలి. థైరాయిడ్ మాత్ర మింగాక ఏ జావైనా కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తాగాలి. ఇనుము మాత్రను పాలు, అంబలి, టీలతో కాకుండా విడిగా, నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.