అలిపిరి మెట్ల దారి: పని మీద తిరుపతి వచ్చేవారికి ఒక సమీక్ష

ఆసుపత్రి యంత్రాల మరమ్మతు పని మీద నేను నెలకు పది రోజులు తిరుపతిలో ఉంటాను. భార్య, పదేళ్ళ కూతురు, మా అమ్మ కర్నూలులో ఉంటారు. మొదటి ఏడాదంతా లాడ్జి గది, హోటలు భోజనం, పడుకోబోయే ముందు "తిన్నారా, తిన్నాం" అనే రెండు మాటల ఫోనుతో గడిచిపోయింది. ఒంట్లో బరువు పెరిగింది, ఇంటితో మాట తగ్గింది. వ్యాయామశాల ఉందని చెప్పి గది ఇచ్చిన ఒక లాడ్జిలో పనిచేయని ట్రెడ్‌మిల్ తప్ప మరేమీ కనిపించలేదు. ఆ నిరాశలోనే అలిపిరి వైపు నడిచాను. ఏడాదిన్నరగా, ఇక్కడున్న ప్రతి ఆదివారం తెల్లవారుజామున కొండ ఎక్కుతున్నాను.

అలిపిరి నుంచి తిరుమలకు దారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. ఆగి ఆగి ఎక్కే నాకు మూడు గంటలు పడుతుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్క ఈ ఒక్క పూటలోనే దాటిపోతుంది కానీ, మిగతా రోజులు కూర్చుని ఆదివారం ఒక్కసారిగా ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. అందుకే పనిరోజుల్లో కపిలతీర్థం దాకా అరగంట నడుస్తాను.

కష్టమంతా మొదట్లోనే ఉంటుంది. గాలి గోపురం చేరేసరికే 2,000కు పైగా మెట్లు అయిపోతాయి. ఆ తరువాత దారి చాలా దూరం చదునుగా సాగి, చివరలో మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిట్టనిలువుగా లేస్తుంది. రామానుజాచార్యులవారు ఆ చోటును మోకాళ్ళ మీద ఎక్కారని పెద్దలు చెబుతారు. దారిలో ఎక్కువ భాగానికి పైకప్పు ఉంది కాబట్టి ఎండకూ వానకూ ఓర్చుకోవచ్చు. మొక్కున్న ఆడవాళ్ళు ఒక్కొక్క మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ వస్తుంటారు. మంచు పడిన ఉదయాల్లో ఆ పసుపు తడిసి పాదం జారుతుంది, కనుక మెట్టు అంచున కాకుండా లోపలికి అడుగు వేయాలి. ఇది స్వామివారి కొండ అన్న ఎరుకతో, పక్కవారిని తోసుకుపోకుండా ఎక్కడమే మర్యాద.

ఇంటివాళ్ళు నాకు మళ్ళీ దగ్గరైంది గాలి గోపురం దగ్గరే. అక్కడ కూర్చుని వీడియో ఫోను చేస్తాను. పాప నోటుపుస్తకంలో నేను ఎక్కిన రోజు, చేరిన వేళ రాసుకుంటుంది, కిందటి వారం కంటే ఆలస్యమైతే "ఎందుకు నాన్నా, కాళ్ళు నొప్పా?" అని అడుగుతుంది. జింకల పార్కు దగ్గర కంచె అవతల దుప్పి కనబడితే మళ్ళీ ఫోను చేయాలన్నది తన షరతు. మోకాళ్ళ నొప్పులతో నడవలేని మా అమ్మ, చివరి మెట్ల దగ్గర తన పేర కర్పూరం వెలిగించమని చెప్పి, వెలిగేదాకా ఫోను పెట్టేయదు. రాత్రి రెండు మాటలతో ముగిసే ఫోను ఇప్పుడు పగలు అరగంట సాగుతోంది.

సామాను ఉన్నా ఇబ్బంది లేదు. నడిచి వెళ్ళేవారి సంచులను అలిపిరిలో ఉచితంగా తీసుకుని రసీదు ఇస్తారు, తిరుమలలో ఆ రసీదు చూపి తెచ్చుకోవచ్చు. కొండ మీద ప్లాస్టిక్ నిషేధం కాబట్టి స్టీలు సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళాలి. దిగడం మెట్ల మీద వద్దని నా సలహా, ఎందుకంటే మోకాళ్ళకు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ దెబ్బ. ఆర్టీసీ బస్సులు విరివిగా ఉన్నాయి. సమయం తక్కువగా ఉన్నవారికి శ్రీనివాస మంగాపురం వైపు శ్రీవారి మెట్టు ఉంది: 2,388 మెట్లు, సుమారు 2 కిలోమీటర్లు. కానీ అది ఆద్యంతం ఎక్కుడే, మాట్లాడుతూ నడిచే వీలుండదు. నాకు అలిపిరే నచ్చింది.

సంక్రాంతి సెలవుల్లో పాపను, మా ఆవిడను తీసుకొచ్చి ఎక్కించాలని ఉంది. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక పిల్లలతో వెళ్ళేవారికి వేళల నియమాలు పెట్టారు. కాబట్టి ముందురోజే అలిపిరిలో అడిగి, పొద్దున్నే బయలుదేరతాం. అమ్మను బస్సులో ముందుగా పంపుతాం, మోకాళ్ళ పర్వతం దాటి మేము పైకి వచ్చేసరికి ఆమె అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది.