కొత్తవాళ్ళ కాంట్రా డాన్స్‌కి ‘బేబీ రోజ్’: ఏళ్ళపాటు వాడాక నా మాట

న్యూజెర్సీలో మా హాల్‌కి కాంట్రా డాన్స్ చేయడానికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా ఎప్పుడూ కొత్తవాళ్ళే. వాళ్ళకి కాలర్‌గా, అంటే పాట నడుస్తుండగా అడుగులు పిలిచి చెప్పే మనిషిగా, నేను ఇన్నేళ్ళుగా వదలకుండా వాడుతున్న డాన్స్ ‘బేబీ రోజ్’. 2021లో చనిపోయిన మసాచుసెట్స్ కాలర్ డేవిడ్ కేనర్ కూర్చినది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

కాంట్రా చూడనివాళ్ళకి రెండు ముక్కలు: ఎదురెదురుగా రెండు పొడుగాటి వరసలు, 64 బీట్ల లెక్క, అది పూర్తయ్యేసరికి మీ జంట ఎదుటి జంటను దాటి ఇంకో జంట ముందుకి వస్తుంది, కోలాటంలో జతలు మారుతూ పోయినట్టే.

బేబీ రోజ్‌లో మొదటి 16 బీట్లు నైబర్‌తో (ఎదుటి జంటలోని మనిషితో) బ్యాలెన్స్ (చేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ అడుగు), స్వింగ్ (ఇద్దరూ పట్టుకుని గిరగిరా తిరగడం). తర్వాత నలుగురూ చేతులు పట్టుకుని ఎడమవైపు ముప్పావు చుట్టు, పార్ట్‌నర్‌తో (మీ జంటలోని మనిషితో) డోసీడో (ముఖం తిప్పకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరిగి రావడం). మళ్ళీ 16 బీట్లు పార్ట్‌నర్‌తో బ్యాలెన్స్, స్వింగ్. ఆఖర్న రాబిన్స్ చెయిన్ (రాబిన్స్ అంటే ప్రతి జంటలో ఒక పాత్రవాళ్ళు; ఆ ఇద్దరూ కుడిచేతులు కలిపి అవతలికి దాటి, అక్కడివాళ్ళతో జంటగా తిరగడం), ఎడమచేతి స్టార్ (నలుగురూ ఎడమచేతులు మధ్యలో కలిపి తిరగడం), అక్కడే కొత్త నైబర్ ఎదురవుతారు.

దీని గొప్పంతా ఆ రెండు స్వింగ్‌లలో ఉంది. ముందు ఫిగర్‌లో (డాన్స్‌లోని ఒక్కో కదలికని ఫిగర్ అంటాం) ఆలస్యమైనవాళ్ళు స్వింగ్‌ని కాస్త తగ్గించుకుంటే చాలు, మళ్ళీ పాటతో కలిసిపోతారు, పైగా బ్యాలెన్స్ దగ్గర హాలంతా ఒకేసారి అడుగు వేస్తుంది కాబట్టి తప్పిపోయినవాళ్ళకి కూడా లెక్క ఎక్కడుందో చెవికే తెలిసిపోతుంది. అలాంటి చోటు లేని డాన్స్ కాగితం మీద ఎంత తేలిగ్గా కనిపించినా కొత్తవాళ్ళకి ఇవ్వను.

అయితే దీన్ని సాయంత్రం మొదటి డాన్స్‌గా మాత్రం పెట్టొద్దు. నేను ముందు చెయిన్ లేనిది ఒకటి తీస్తాను: డోసీడో, స్వింగ్, వరసలు ముందుకీ వెనక్కీ, ముప్పావు చుట్టు, ఎదుటివాళ్ళని దాటిపోవడం. అవి కాళ్ళకి పట్టాక బేబీ రోజ్ ఇస్తే అందులో నేర్చుకోవాల్సిన అసలు కొత్త సంగతి చెయిన్ ఒక్కటే. ఆ చెయిన్ కుదిరాక, అదే చెయిన్‌తో పాటు హే (ఒకరినొకరు దాటుతూ జడ అల్లినట్టు నడవడం) ఉన్న డాన్స్ ఇంకో వారం. చాలామంది ఐదు తేలిక డాన్స్‌లు ఏరుకుంటారు, కానీ ఒకదానిలో ఉన్న ఫిగర్ ఇంకోదానిలో ఉండదు, దాంతో ప్రతిసారీ వాక్‌త్రూ (పాట లేకుండా ముందుగా నడిపించి చూపడం) మొదటినుంచీ చెప్పాల్సి వస్తుంది, జనం అలిసిపోతారు, వచ్చేవారం రారు! డాన్స్‌ని విడిగా ఎంచుకోకండి, దాని ముందూ వెనకా ఏముందో చూసి ఎంచుకోండి.

అర మార్కు తగ్గించింది ఆఖరి 16 బీట్లకి. చెయిన్ చివర పక్కపక్కన నిలబడి జంటగా తిరగడం కొత్తవాళ్ళకి నిదానంగా సాగుతుంది, స్టార్ ఆలస్యమవుతుంది, కొత్త నైబర్ అక్కడ ఎదురు చూస్తూ నిలబడతారు. అందుకే వాక్‌త్రూలో ఆ ముక్క రెండుసార్లు చేయిస్తాను, స్టార్‌లో ఉండగానే తలెత్తి తర్వాతి మనిషిని వెతుక్కోమంటాను. బ్యాండ్‌ని కూడా నిమిషానికి 120 కాకుండా 110 బీట్ల దగ్గర వాయించమని అడగండి, తేడా మీకే కనిపిస్తుంది.

నాలుగే జంటలు వచ్చిన రోజు దీన్ని పక్కన పెట్టేయండి. ఒక విడత నాలుగు జంటలూ ఆడితే తర్వాతి విడత రెండు కొసల్లోని జంటలూ ఊరికే నిలబడాలి, అంటే హాల్లో సగం మంది ఖాళీ. ఆ రోజుకి అందరూ ఒకే వలయంలో ఆడే డాన్స్ ఏదైనా తీయండి.