ఒక గ్యాలన్ బీరు కిట్: కాచడం వరకు భేషు, చిక్కంతా సీసాల దగ్గరే

టెక్సస్‌లో, డాలస్ శివారులోని ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ఇంట్లో బీరు కాయాలన్న కోరికను రెండేళ్ళపాటు వాయిదా వేస్తూ వచ్చిన నేను, కిందటి సెప్టెంబరులో 55 డాలర్లు పెట్టి ఒక గ్యాలన్ కిట్ తెప్పించాను. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. ఐదు గ్యాలన్ల కిట్లు కూడా దొరుకుతాయి గానీ, మొదటిసారే యాభై సీసాల బీరు పాడుచేసుకునే ధైర్యం లేక చిన్నదే ఎంచుకున్నాను. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తరహా సరంజామాను అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, పేరు కన్నా పెట్టెలో ఏముందో, ఏం లేదో తెలియడమే కొనేవాళ్ళకు ఎక్కువ అవసరం.

చట్టం సంగతి ముందుగా చెప్పుకోవాలి. అమెరికాలో మద్యనిషేధం 1933లో తొలగిపోయినప్పుడు ఇంట్లో వైను చేసుకోవడానికి వీలు కలిగింది గానీ బీరు సంగతి అలాగే మిగిలిపోయింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. వయసు వచ్చినవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న ఇంట్లో 200 గ్యాలన్లు పన్ను కట్టకుండా కాచుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి ఈ సౌకర్యం లేదు. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం అక్కడ ఎక్సైజు చట్టం కింద నేరం కాబట్టి, వారు ఈ సమీక్షను చదివి ఊరుకోవడమే క్షేమం.

పెట్టె విప్పితే ఒక గ్యాలన్ గాజు జాడీ, దాని మూతికి సరిపోయే రబ్బరు బిరడా, అందులో గుచ్చే ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం), నాలుగడుగుల ప్లాస్టిక్ గొట్టం, జాడీకి అంటించే ఉష్ణోగ్రత పట్టీ కనిపించాయి. సరుకుల కింద పౌను, అంటే 454 గ్రాముల, మాల్ట్ పొడి (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసినది), నాలుగు ఔన్సుల క్రిస్టల్ మాల్ట్ గింజలు, పలచటి గుడ్డ సంచీ ఒకటి, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల గుళికల పొట్లం (కాస్కేడ్ రకం), పులియబెట్టే సేఫేల్ యూఎస్-05 ఈస్ట్ పాకెట్టు, చిన్న సీసాలో శానిటైజర్ ఉన్నాయి. ఈస్ట్ పాకెట్టు 11.5 గ్రాములది, అంటే ఐదు గ్యాలన్లకు కూడా చాలేది. సగమే వాడి మిగతాది మడిచి ఫ్రిజ్‌లో పెట్టుకొమ్మని వెంట వచ్చిన కాగితంలో రాశారు. సరుకు తాజాగానే ఉంది, హాప్స్ పొట్లం విప్పగానే పంపరపనస తొక్క గిల్లినట్లు గుప్పుమంది.

కాచే రోజు పని విషయంలో ఈ కిట్‌కు వంక పెట్టడానికి ఏమీ లేదు. క్రిస్టల్ మాల్ట్ గింజల్ని గుడ్డ సంచీలో కట్టి, మరగని వేడి నీళ్ళలో అరగంట నానబెట్టాలి. తరువాత సంచీ తీసేసి, పొయ్యి ఆపి, మాల్ట్ పొడిని కొద్దికొద్దిగా కలపాలి. పొయ్యి ఆపమన్న మాట కాగితంలో లావుపాటి అక్షరాల్లో ఉన్నందుకు మెచ్చుకోవాలి. ఆపకుండా పోస్తే పొడి అడుగంటి మాడుతుంది, ఆ మాడు వాసన చివరి సీసా దాకా వదలదు. ఇల్లంతా హార్లిక్స్ డబ్బా మూత తీసినట్లు కమ్మటి వాసన వచ్చింది. మళ్ళీ మంట పెట్టాక మొదటి పొంగు పాలపొంగు కన్నా వేగంగా వస్తుంది. గరిటె చేతిలో ఉన్నా నా పొయ్యి మీద అరగ్లాసు ఒలికి జిగురు జిగురుగా గట్టిపడింది. హాప్స్‌ను గంటసేపటి మరుగులో మూడు విడతలుగా వేయమన్నారు. ముందు వేసినవి మరిగి మరిగి చేదునిస్తాయి, చివరి నిమిషాల్లో వేసినవి వాసనను నిలబెడతాయి. ఈ వివరణ కాగితంలో రెండే వాక్యాల్లో, అయినా స్పష్టంగా ఉంది.

కాచిన ద్రవాన్ని వర్ట్ అంటారు. దాన్ని వీలైనంత త్వరగా 20 డిగ్రీలకు చల్లార్చాలి. గోరువెచ్చటి తీపి నీళ్ళంటే మనం వేసే ఈస్ట్‌కు ఎంత ఇష్టమో, గాలిలో తిరిగే బాక్టీరియాకూ అంతే ఇష్టం. సింకు నిండా ఐసు పోసి గిన్నెను అందులో దించితే నాకు పాతిక నిమిషాలు పట్టింది.

శుభ్రత దగ్గర నా పెంపకమే నాకు అడ్డొచ్చింది. ఆవకాయ జాడీని కడిగి, ఎండబెట్టి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని కసిరే అమ్మ దగ్గర పెరిగినవాణ్ణి కావడంతో, శానిటైజర్ నురగతో తడితడిగా ఉన్న జాడీలో వర్ట్ పోయమంటే చెయ్యి రాలేదు. ఇక్కడ నియమం తిరగబడుతుంది: ఆ తడే రక్షణ, గుడ్డతో తుడిస్తే గుడ్డలోని క్రిములు మళ్ళీ ఎక్కుతాయి. నురగకు భయపడవద్దన్న ఒక్క మాట కాగితంలో రాసి ఉంటే, మొదటి జాడీని తుడిచి, మళ్ళీ మొదటినుంచి శుద్ధి చేసుకునే పని నాకు తప్పేది.

సెప్టెంబరు టెక్సస్‌లో ఎండాకాలమే. మా ఇంట్లో ఏసీ 76 డిగ్రీల ఫారన్‌హీట్ మీద, అంటే సుమారు 24 సెల్సియస్ మీద, నడుస్తుంది. ఈస్ట్ పనిలో ఉన్నప్పుడు తానే వేడి పుట్టిస్తుంది కాబట్టి జాడీలోని ద్రవం గది కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. ఈ వేడిలో పులిస్తే బీరుకు గొంతులో మంట పుట్టించే ఘాటు వస్తుంది. ఉష్ణోగ్రత పట్టీ ఇచ్చినవాళ్ళు, అందులో అంకె ఎక్కువగా కనిపిస్తే ఏం చేయాలో చెప్పలేదు. నేను ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి జాడీని నిలబెట్టి, కూజాకు చుట్టినట్లు తడి తువ్వాలు చుట్టి, పొద్దునా రాత్రీ గడ్డకట్టిన నీళ్ళ సీసా ఒకటి తొట్టిలో వేస్తూ వచ్చాను. పట్టీ 19, 20 మధ్య నిలిచింది. రెండో రోజుకల్లా జాడీ మెడ దాకా నురగ లేచి, ఎయిర్‌లాక్ రాత్రంతా బుడబుడలాడింది. వారం తిరిగేసరికి నురగ దిగి, అడుగున వేలెడు మందాన మడ్డి పేరుకుంది.

సీసాల్లో పట్టే ఘట్టం దగ్గర కిట్ చేతులెత్తేసింది. పెట్టె మీద బొమ్మలో మూతలు బిగించిన సీసాలు నిగనిగలాడుతూ కనిపిస్తాయి గానీ, పెట్టెలో సీసాలు లేవు, మూతలు లేవు, మూతలు బిగించే క్యాపరూ లేదు. అవి విడిగా కొనుక్కోవాలన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. రెండు చేతులతో నొక్కే క్యాపర్, మూతలు కలిపి మరో 22 డాలర్లయ్యాయి. సీసాల కోసం తాగి దాచిన ఖాళీలు వాడాను. చేత్తో తిప్పితే ఊడే మరల మూతి సీసాలు దీనికి పనికిరావు, ఓపెనర్‌తో తీసేవే కావాలి. గోధుమరంగు గాజైతేనే మేలు, ఎందుకంటే వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి బీరు కంపు కొడుతుంది. ఈ రెండు సంగతులూ కాగితంలో లేవు.

ఎప్పుడు పట్టాలి అన్న ప్రశ్నకు కాగితం ఇచ్చిన జవాబు: "14 రోజులకు, బుడగలు ఆగాక." బుడగలు నమ్మదగిన సాక్ష్యం కావు. బిరడా కొంచెం వదులైతే పులుస్తున్నా బుడగ రాదు, గది కాస్త వేడెక్కితే పులవడం ఆగిపోయాక కూడా బుడగ వస్తుంది. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ ముంచి, రెండు మూడు రోజుల తేడాతో ఒకే అంకె వచ్చిందో లేదో చూడడమే సరైన పద్ధతి. పది డాలర్లకు అటూ ఇటూగా దొరికే ఆ పరికరాన్ని 55 డాలర్ల కిట్‌లో పెట్టకపోవడాన్ని నేను పిసినారితనంగానే లెక్కవేశాను.

జాడీ నుంచి బీరును గొట్టంతో దించాలి. చిన్నప్పుడు స్కూటర్లోంచి పెట్రోలు తీసినట్లు నోటితో పీల్చబోయి, నోట్లోని క్రిములన్నీ బీరులోకి చేరతాయని గుర్తొచ్చి ఆగాను. గొట్టం నిండా శానిటైజర్ నీళ్ళు నింపి, అవి ముందు వేరే గ్లాసులోకి కారేలా చేస్తే వెనక బీరు తనంతట తానే వస్తుంది. సీసా అడుగుకు ఆనించి నొక్కితేనే తెరుచుకునే స్ప్రింగు గొట్టం ఒకటి బజారులో ఉంటుందని తరువాత తెలిసింది. అది లేక నేను పైనుంచి ధారగా పోశాను. బీరులో గాలి కలిసింది. రెండు నెలలకు తెరిచిన ఆఖరి సీసాలో తడిసిన అట్టముక్క రుచి వచ్చిందంటే కారణం అదే.

మొత్తం తొమ్మిది సీసాలయ్యాయి, ఒక్కొక్కటి 12 ఔన్సులది, అంటే 355 మిల్లీలీటర్లది. సీసాలో గ్యాసు పుట్టాలంటే మిగిలిన ఈస్ట్‌కు కొంచెం పంచదార అందించాలి. "ఒక్కో సీసాకు ఒక టీచెంచా పంచదార" అని కాగితంలో ఉంది. వేశాను. మూతలు బిగించాను. చలికాలపు బట్టలుండే అలమరలో అట్టపెట్టెలో సర్దాను.

పదకొండో రోజు రాత్రి అలమరలోంచి టపాకాయ పేలిన చప్పుడు వచ్చింది. పెట్టెకు మూత ఉండబట్టి గాజు ముక్కలు బయటికి చిమ్మలేదు గానీ, మా ఆవిడ ఉన్ని కోటు ఇప్పటికీ బీరు వాసన వేస్తుందని ఆవిడ వాదన. మిగిలిన ఎనిమిదింటినీ చేతులకు దట్టంగా తువ్వాళ్ళు చుట్టుకుని ఫ్రిజ్‌లోకి చేర్చాను, చలికి ఈస్ట్ పని ఆగిపోతుంది కాబట్టి. మర్నాడు సింకులో పెట్టి తెరిచిన మొదటి సీసాలో సగం నురగై పొంగిపోయింది.

పై అంతస్తులో గుంటూరు ఆయన ఒకరు పదేళ్ళుగా బీరు కాస్తున్నారు. కాగితం చూపిస్తే చదివి, "చెంచా కాదు తమ్ముడూ, త్రాసు పెట్టాలి" అన్నారు. లెక్క ఆయనే చెప్పారు. మామూలు గ్యాసుకు లీటరుకు ఆరు గ్రాముల పంచదార చాలు. 355 మిల్లీలీటర్ల సీసాకు అది రెండు గ్రాముల పైన కాస్తంతే. టీచెంచా పంచదార నాలుగు గ్రాములు పైమాటే, అంటే నేను ప్రతి సీసాలోనూ రెట్టింపు వేశాను. అసలు పద్ధతి ప్రకారం చెంచాతో పనే లేదు: మొత్తం బీరుకు సరిపడా పంచదార తూచి, కాసిని నీళ్ళలో మరిగించి చల్లార్చి, శుద్ధి చేసిన గిన్నెలో పోసి, బీరును దాని మీదికి మెల్లగా దించితే అన్ని సీసాలకూ సమానంగా అందుతుంది.

రుచి సంగతికొస్తే, నురగ తగ్గేదాకా ఓపిక పట్టి గ్లాసులో వంచుకున్నది బాగుందనే చెప్పాలి. పలచటి తేనె రంగు, మొదటి గుక్కలో పంపరపనస వాసన, చివర నాలుక మీద కాసేపు నిలిచే చేదు. సీసా అడుగున కల్లుముంతలో లాగే సన్నటి మడ్డి ఉంటుంది కాబట్టి ఆఖరి అంగుళం వదిలేయాలి. నవంబరులో అదే జాడీలో, దుకాణంలో విడిగా కొన్న అవే సరుకులతో రెండోసారి కాచి, ఈసారి హైడ్రోమీటర్‌తో కొలిచాను: మొదట 1.048, చివర 1.011, అంటే ఆల్కహాలు 4.9 శాతానికి కాస్త తక్కువ. 19 గ్రాముల పంచదార తూచి వేశాను. ఒక్క సీసా కూడా పొంగలేదు.

కిట్‌లోని గాజు జాడీ, సరుకుల నాణ్యత, కాచే రోజు సూచనలకు అయిదుకు నాలుగున్నర ఇస్తాను. సీసాల విషయంలో ఒకటి కూడా ఇవ్వలేను. క్యాపర్, మూతలు, హైడ్రోమీటర్, గ్రాముల త్రాసు కలిపితే అసలు ఖర్చు 55 కాదు, 100 డాలర్ల దాపుకు వెళుతుందని ముందే లెక్కవేసుకుని కొనాలి.

అమ్మినవాళ్ళకు సీసా పేలిన సంగతి ఫొటోతో సహా రాస్తే రెండు రోజుల్లో మర్యాదగానే జవాబిచ్చారు. ఆ టీచెంచా లెక్క 22 ఔన్సుల పెద్ద సీసాకట. అది మన ఊళ్ళలో దొరికే 650 మిల్లీలీటర్ల సీసా పాటిది, ఆ కొలతకు ఆ లెక్క సరిగ్గానే సరిపోతుంది. సీసా కొలత కాగితంలో ఎందుకు రాయలేదని తిరిగి అడిగితే, పదిహేను శాతం తగ్గింపు కూపన్ పంపారు. దానితో మూతలు కొన్నాను.