స్కాపా ఫ్లోలో డైవింగ్: జర్మన్ యుద్ధనౌకల కంటే ముందు బ్లాక్‌షిప్‌లు చూడండి

స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవులకి డైవింగ్ కోసం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది జర్మన్ యుద్ధనౌకల కోసమే వెళ్తారు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో జర్మన్ నౌకాదళాన్ని తెచ్చి, దీవుల మధ్య ఉన్న స్కాపా ఫ్లో అనే పెద్ద సహజ రేవులో నిర్బంధించారు. అక్కడున్న 74 నౌకల్ని బ్రిటిష్ వాళ్ల చేతిలో పడనివ్వకూడదని 1919 జూన్ 21న ఆ దళానికి నాయకుడైన జర్మన్ అడ్మిరల్ ఫాన్ రాయిటర్ ముంచేయమన్నాడు. 52 మునిగాయి. తర్వాతి సంవత్సరాల్లో చాలావాటిని పైకి లేపి తుక్కు కింద అమ్మేశారు. ఏడు పెద్ద నౌకలు మాత్రం ఇప్పటికీ అడుగునే ఉన్నాయి. వాటిని నేనూ చూశాను, చూడాల్సినవే. కానీ చల్లని నీళ్లు మీకు కొత్తయితే మొదటి డైవ్‌లు వాటి మీద ఖర్చు పెట్టకండి. తూర్పున చర్చిల్ బారియర్లు అనే కట్టల పక్కన, ఒడ్డు నుంచి నడిచి దిగే లోతులో ఉన్న బ్లాక్‌షిప్‌లతో మొదలుపెట్టండి. గాలి బాగా వీచి పడవలు బయల్దేరని రోజు కాలక్షేపానికి చూసేవి అవి అని కొందరు డైవర్లు అంటుంటారు. నేను ఆ మాట ఒప్పుకోను.

శత్రువుల ఓడలు, సబ్‌మెరైన్లు లోపలికి రాకుండా ఇరుకు దారుల్లో కావాలని ముంచిన పాత ఓడలే బ్లాక్‌షిప్‌లు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఇక్కడ ముంచారు. అయినా 1939 అక్టోబర్‌లో యూ-47 అనే జర్మన్ సబ్‌మెరైన్ రాత్రిపూట నీటిపైనే తేలుతూ, కిర్క్ సౌండ్ అనే ఇరుకు దారిలో ఈ ఓడల మధ్య మిగిలిన సందులోంచి లోపలికొచ్చింది. 14వ తేదీ అర్ధరాత్రి దాటాక రాయల్ ఓక్ అనే యుద్ధనౌకని ముంచేసింది. 800 మందికి పైగా చనిపోయారు. అప్పుడు నౌకాదళ మంత్రిగా ఉన్న చర్చిల్ ఆ దారుల్ని శాశ్వతంగా మూసేయమన్నాడు. తీగ బుట్టల్లో రాళ్లు నింపి అడుగున పరిచి, వాటిపై 5 టన్నుల, 10 టన్నుల కాంక్రీటు దిమ్మలు పేర్చి నాలుగు కట్టలు కట్టారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన ఇటాలియన్ యుద్ధఖైదీలు ఈ పనిలో ఉన్నారు. ఇప్పుడు వాటి మీదుగా రోడ్డు పోతుంది. స్కాట్లండ్ ప్రధాన భూభాగంలోని గిల్స్ బే నుంచి సెయింట్ మార్గరెట్స్ హోప్‌కి వచ్చే ఫెర్రీ ఎక్కితే, ఓర్క్నీ ముఖ్యపట్టణం కర్క్‌వాల్ వెళ్లే దారిలో కట్టలన్నీ దాటాల్సిందే. తుప్పు పట్టిన ఓడలు కారు కిటికీలోంచే కనిపిస్తాయి.

డైవర్‌కి ఈ కట్టలు చేసిన పెద్ద మేలు ఒకటుంది. ఒకప్పుడు ఆ సందుల్లో ఆటుపోట్ల ప్రవాహం చాలా వేగంగా పారేది. కట్టలు పడ్డాక అది ఆగిపోయింది. నీళ్లు నిలకడగా ఉండే అరగంట కోసం గడియారం చూస్తూ కూర్చోవాల్సిన పని లేదు. చూసుకోవాల్సింది గాలే. తూర్పు గాలి గట్టిగా వీస్తే అటువైపు దిగడం కుదరదు. తుఫాను రోజుల్లో అలలు రోడ్డు మీదికే వచ్చి పడతాయి, రెండో కట్టని మూసేస్తారు కూడా.

మేం దిగింది మూడో కట్ట దగ్గర, గ్లింప్స్ హోమ్, బరే దీవుల మధ్య. రోడ్డు పక్కన కారు ఆపి, అక్కడే సిలిండర్లు తగిలించుకుని ఒడ్డు నుంచి నడిచాం. 1915లో ముంచిన రెజినాల్డ్ అనే ఓడ పక్కభాగం ఇంకా నీటిపైన నిలబడే ఉంది. ఎంపైర్ సీమన్ కథ వేరు. అది మోరియా అనే జర్మన్ ఓడ. 1940లో బ్రిటిష్ వాళ్లు పట్టుకుని, పేరు మార్చి, అదే ఏడాది ఇక్కడ ముంచారు. జర్మన్ సబ్‌మెరైన్లని ఆపడానికి జర్మన్ ఓడనే అడ్డం పెట్టారన్నమాట.

మొదటి నిమిషం ముఖం మీద మాత్రమే చలి తెలుస్తుంది, పెదాలు మొద్దుబారతాయి. సెప్టెంబర్‌లో నా డైవ్ కంప్యూటర్ 12 డిగ్రీలు చూపించింది. వసంతంలో వెళ్తే ఇంకో నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది. కెల్ప్ నాచు చెరకుతోటలా ఒత్తుగా నిలబడి ఉంటే, దాన్ని రెండు చేతులా పక్కకి నెట్టుకుంటూ పోయాం. అది అయిపోగానే ఓడ ఇనుప పక్కటెముకలు ఎదురొచ్చాయి. అంత తక్కువ లోతులో ఎండ లోపలిదాకా వస్తుంది. రేకుల మీద రివెట్ల వరుస, పక్కనే ఊడిపోయిన రివెట్ల గుండ్రటి కన్నాలు, ఒక కన్నంలో వేలెడంత బటర్‌ఫిష్. వీపు పొడవునా నల్లచుక్కలున్న ఆ చేప నేను టార్చ్ దగ్గరికి పెట్టినా కదల్లేదు. వంగిన రేకు కింద పెద్ద పీత ఒకటి డెక్కలు ముడుచుకుని కూర్చుంది. తెల్లటి ఎనిమోన్లు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు, మెత్తటి పగడాలు ఇనుమంతా పరుచుకుని ఉన్నాయి. ఇవన్నీ తీరిగ్గా చూశాను. 40 మీటర్ల లోతులో ఈ తీరిక దొరకదు.

తక్కువ లోతు కదా తేలికే అనుకోవద్దు. ఉపరితలం నుంచి 10 మీటర్లు దిగేసరికి పీడనం రెట్టింపవుతుంది. అంటే నీళ్లు లోపలికి రానివ్వని డ్రై సూట్‌లో గాలి పరిమాణం అన్నిటికంటే ఎక్కువగా మారేది ఈ పై పది మీటర్లలోనే. కొంచెం పైకి తేలితే చాలు, సూట్ ఉబ్బి ఇంకా పైకి లాగేస్తుంది. భుజం మీదున్న వాల్వ్ నుంచి గాలి వదలడం చేతికి అలవాటయ్యేదాకా టెన్షన్ తప్పదు. ఆ అలవాటు ఇక్కడే చేసుకోవాలి. మీరు వెళ్లేది ఉప్పునీటి సముద్రం, లోపల వేసేది మందపాటి అండర్‌సూట్, కాబట్టి బరువులు కూడా వెచ్చని నీళ్లలో కంటే బాగా ఎక్కువ పెట్టుకోవాలి. ఇంకో సంగతి, ఇంత తక్కువ లోతులో సిలిండర్‌లో గాలి చాలాసేపు వస్తుంది. డైవ్ ఆపాల్సి వచ్చేది గాలి అయిపోయి కాదు, వేళ్లు పట్టు తప్పి.

అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలంటే గ్లవ్స్ మీద, సూట్ మీద పెట్టమంటాను. అద్దెకిచ్చే ఒక చోట నాకిచ్చిన సూట్ మెడ సీల్ వదులుగా ఉంది. దిగేముందే చెప్పాను. "నీళ్లలోకి దిగాక సరిపోతుంది" అన్నారు. సరిపోలేదు, ఛాతీ దాకా తడిసి వణుకుతూ బయటికొచ్చాను. మర్నాడు ఇంకో చోట ఒకావిడ నా మెడ కొలిచి, మూడు సూట్లు వేయించి, తల అటూ ఇటూ తిప్పించి చూసి గానీ ఇవ్వలేదు. సిలిండర్ నుంచి నోటికి గాలి అందించే రెగ్యులేటర్ కూడా చల్లని నీళ్లకి తగ్గదేనని ఆవిడే చూపించింది. చలికి మామూలు రెగ్యులేటర్ గడ్డకట్టి, ఆగకుండా గాలి వదిలే ప్రమాదం ఉంటుంది. సూట్ తొడిగి చూడనివ్వని చోట అద్దెకి తీసుకోకండి.

బర్రా సౌండ్‌లోని టబార్కా కూడా బ్లాక్‌షిప్పే, కానీ అది పడవ డైవ్. హోయ్, గ్రేమ్సే దీవుల మధ్య నీళ్లు చాలా స్పష్టంగా ఉంటాయి, ప్రవాహం మాత్రం భయంకరంగా ఉంటుంది. నిలకడ సమయంలోనే దిగాలి, దూకగానే ఆలస్యం చేయకుండా కిందికి పోవాలి. తలకిందులుగా పడున్న ఓడ కిందికి దూరితే పక్క కన్నాల్లోంచి వెలుగు చారలుగా పడుతుంది. నా మటుకు ఈ యాత్ర మొత్తానికి అందమైన డైవ్ అదే. మూడో కట్ట దగ్గర చేయి తిరిగాక వెళ్లడం వల్లే దాన్ని ఆనందించగలిగాను.

జర్మన్ నౌకల్లో తేలికపాటి క్రూజర్లు అనే కాస్త చిన్నవి పర్వాలేదు. మార్క్‌గ్రాఫ్ లాంటి పెద్దవి తలకిందులుగా, 40 మీటర్లు దాటిన లోతులో, చీకట్లో ఉంటాయి. అనుభవం, ఆగి ఆగి పైకి రావడం నేర్పే డికంప్రెషన్ శిక్షణ ఉన్నవాళ్లకే. రాయల్ ఓక్ యుద్ధ సమాధి, అక్కడ డైవింగ్ నిషేధం. ఎక్కడైనా సరే వస్తువులు పైకి తేవద్దు. బ్రిటన్‌లో మునిగిన ఓడ నుంచి ఏది తీసినా 28 రోజుల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి.

బస విషయంలో రెండు దారులున్నాయి. స్ట్రోమ్‌నెస్ రేవులో పడవ మీదే వారమంతా ఉండే ప్యాకేజీలు ఎక్కువ. తిండి, సిలిండర్లు నింపే కంప్రెసర్, బట్టలు ఆరేసే వేడి గది అన్నీ అక్కడే ఉంటాయి. కానీ ఆ వారమంతా జర్మన్ నౌకల చుట్టూనే తిరుగుతుంది. బారియర్లు ముఖ్యమనుకుంటే బరే లేదా సెయింట్ మార్గరెట్స్ హోప్‌లో గది, ఒక అద్దె కారు తీసుకోండి. బస్సు ఉంది గానీ సిలిండర్లతో ఎక్కలేం. గది బుక్ చేసేముందు తడి సూట్లు ఆరేసే చోటు ఉందా అని తప్పకుండా అడగండి. మాకు ఉంది, అందుకే మర్నాడు పొడి అండర్‌సూట్‌తో దిగగలిగాం.

విమానంలో తిరిగెళ్తుంటే చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలుండాలి. ఆ రోజుని ల్యాంబ్ హోమ్‌లోని ఇటాలియన్ చాపెల్‌కి కేటాయించండి. ఖైదీలు రెండు రేకుల గుడిసెల్ని కలిపి కట్టుకున్న ప్రార్థనాలయం అది. లోపలి బొమ్మలు వేసింది డొమెనికో కియొకెట్టి అనే ఖైదీ. ఇంకా టైముంటే ఫెర్రీలో హోయ్ దీవిలోని లైనెస్ మ్యూజియంకి వెళ్లొచ్చు. నౌకాదళ స్థావరం ఉన్న చోటే అది ఉంది. డైవ్‌కి ముందే చూస్తే ఇంకా మంచిది, నీళ్లలో కనిపించేదేంటో తెలుస్తుంది.