పింఛనా, ఉద్యోగమా, సొంత కొట్టా? వికలాంగ యువతకు ఏది మేలు

డిగ్రీ అయిపోయింది. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 70 శాతం అని ఉంది. నెలనెలా పింఛను వస్తోంది. ఇంట్లో ఒకరు గ్రూప్స్‌కి చదవమంటారు, ఇంకొకరు అరుగు మీద కొట్టు పెట్టుకోమంటారు. అమ్మ మాత్రం "ఉన్నదాంతో సర్దుకుందాం, హైదరాబాద్‌లో ఒక్కడివీ ఎలా ఉంటావురా" అంటుంది. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లలో నడిచే చర్చే ఇది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వికలాంగులు ఉన్నారని తేలింది. దేశం మొత్తమ్మీద 2.68 కోట్ల మంది. వాళ్లలో ఏదో ఒక పని చేసి సంపాదిస్తున్నవాళ్లు 36 శాతమే.

ఈ దారుల్ని పోల్చేటప్పుడు చాలామంది నెలకు ఎంత వస్తుందనే చూస్తారు. అది చాలదు. వైకల్యం వల్ల పడే అదనపు ఖర్చు పోగా చేతిలో ఎంత మిగులుతుందో చూడాలి. ఆ మిగిలిన డబ్బు ఎలా వాడాలో, ఎక్కడ ఉండాలో, ఎప్పుడు బయటికి వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా చూడాలి. నాకు ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం.

ముందు పింఛను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచం, వీల్‌చైర్ దాటి రాలేని స్థితిలో ఉన్నవాళ్లకు 15,000 ఇస్తున్నారు. తెలంగాణ 2023లో 3,016ను 4,016 చేసింది. 80 శాతం పైబడిన వైకల్యం ఉన్న పేదలకు కేంద్రం తన వంతుగా ఇచ్చేది నెలకు 300 మాత్రమే. పింఛను హక్కు, దాన్ని తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఆరు వేలతో గది అద్దె కట్టుకుని, తిని, ఆటోలో తిరగడం కుదరదు. కాబట్టి పింఛను మీదే బతికే మనిషి ఎవరో ఒకరి ఇంట్లో ఉండక తప్పదు. ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. పైగా మళ్లీ వైద్య పరీక్షలకు రమ్మని నోటీసు వస్తే శాతం తగ్గిస్తారేమోనని టెన్షన్. ఉద్యోగంలో చేరితే పింఛను పోతుందేమోనన్న భయం ఇంకొకటి. కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. అయినా ఇరవై ఏళ్ల వయసులో ఆ భయంతో ఇంట్లోనే ఆగిపోతే, నలభై ఏళ్లకు అనుభవమూ ఉండదు, పరిచయాలూ ఉండవు. ఆ నష్టం ఎవరూ లెక్కేయరు.

సర్కారు ఉద్యోగం వస్తే దానికి మించింది లేదు, ఒప్పుకుంటాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం అంతకుముందున్న 3 శాతం రిజర్వేషన్‌ను 4 చేసింది. చూపు లేనివాళ్లకు 1, వినికిడి లేనివాళ్లకు 1, కాళ్లూ చేతుల వైకల్యం, మరుగుజ్జుతనం, కండరాల క్షీణత, యాసిడ్ దాడి బాధితులు లాంటి వారికి 1, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి కలిపి 1. దీనికి 40 శాతం వైకల్యం ఉండాలి. పరీక్ష రాయడానికి సహాయకుణ్ని తీసుకోవచ్చు, గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం అడగొచ్చు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినా తీసేయడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది. ఇంత రక్షణ ఇంకెక్కడా దొరకదు.

చిక్కల్లా ఎదురుచూపులో ఉంది. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, పడ్డాక కోర్టు కేసులు ఎప్పుడు తేలుతాయో చెప్పలేం. అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో కోచింగ్ అంటే ఫీజు ఒక్కటే కాదు, మెట్లున్న హాస్టల్, నేల మీద మరుగుదొడ్డి, రోజూ ఆటో కూడా. అందుకే ఈ దారికి గడువు పెట్టుకోవాలని గట్టిగా అంటాను. రెండేళ్లు మనసు పెట్టి చదవండి. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే పరీక్షలన్నీ రాయండి. ఆ తర్వాత చదువు ఆపనక్కర్లేదు కానీ, ఏదో ఒక జీతంలో ఉంటూ చదవండి. చూపు లేని డిగ్రీ విద్యార్థులు, తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ బాగా నేర్చుకుని ఉంటే, వాళ్లకు బ్యాంకు పరీక్షల దారి నిజంగా ఆశ పెట్టుకోదగినదే.

అసలు పోటీ ప్రైవేటు ఉద్యోగానికీ సొంత కొట్టుకీ మధ్యే.

ఇళ్లలో ఎక్కువగా కొట్టుకే ఓటు పడుతుంది. ఊరు వదలక్కర్లేదు, కళ్ల ముందే ఉంటాడు. అప్పులకూ దారులున్నాయి. 1997లో వికలాంగుల కోసమే పెట్టిన జాతీయ ఆర్థిక సంస్థ తక్కువ వడ్డీకి రుణాలిస్తుంది. సొంత ఉపాధికి అప్పు, సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో వికలాంగులు ప్రత్యేక వర్గం కిందికి వస్తారు. సొంతంగా పెట్టాల్సింది 5 శాతమే, సబ్సిడీ పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాక అప్పులో జమ అవుతుంది. ఇది తెలియక సబ్సిడీని పెట్టుబడిలో కలిపి లెక్కేసుకుంటే మొదటి ఏడాదే ఇబ్బంది పడతారు.

కొట్టు గురించి నేను మొదట అడిగేది, సరుకు ఎవరు తెస్తారు అని. టౌనుకు వెళ్లి తమ్ముడు తేవాలంటే బేరం తమ్ముడిది, బిల్లు తమ్ముడి దగ్గర, చివరికి గల్లాపెట్టె తాళం కూడా తమ్ముడి దగ్గరే. బోర్డు మీద పేరు మాత్రం వీళ్లది. అరువు ఇంకో సమస్య. వసూలుకు ఇంటింటికీ తిరగలేని మనిషి దగ్గర బాకీ పెట్టేవాళ్లు ఊళ్లో తప్పకుండా ఉంటారు. కాబట్టి సరుకు ఇంటి ముందుకే వచ్చే పని, లేదా సరుకే అక్కర్లేని పని ఎంచుకోవాలి. టైలరింగ్, సెల్‌ఫోన్ రిపేరు, జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్ లాంటివి నయం. కిరాణా అయితే సేల్స్‌మాన్ ఆర్డర్ రాసుకుని మర్నాడు బండిలో సరుకు దించి వెళ్లే సెంటరులో ఉండాలి. పెద్ద బ్యాంకు అప్పుతో మొదలుపెట్టడం కంటే, పల్లె పేదల కోసం పెట్టిన వెలుగు పథకం కాలం నుంచి మన పల్లెల్లో ఉన్న వికలాంగుల పొదుపు సంఘాల్లో చేరి చిన్న అప్పుతో మొదలుపెట్టడం మంచిది. వాయిదా ఆలస్యమైతే సంఘంలో నలుగురూ అడుగుతారు నిజమే, కానీ కారణం వినేది కూడా ఆ నలుగురే.

వ్యాపారం అనగానే బొల్లా శ్రీకాంత్ పేరు చెబుతారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టి, చూపు లేకపోయినా ఎంఐటీలో చదివి, హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు పని ఇచ్చాడు. గొప్ప సంగతి. కానీ ఆ కథలో చదువు ముందు, పెట్టుబడిదారులు తర్వాత, ఫ్యాక్టరీ ఆ తర్వాత. ఇంటర్‌లో సైన్స్ చదవడానికే కోర్టుకెక్కాల్సి వచ్చిన మనిషి అతను. ఆ పట్టుదలను ఆదర్శంగా తీసుకోండి, పెట్టుబడి లెక్కను మాత్రం కాదు.

ప్రైవేటు ఉద్యోగం మొదట్లో తీసికట్టుగానే కనిపిస్తుంది. నెలకు 15,000 అనుకుందాం. హాస్టల్‌కి 6,000, ఆటోలకు 3,000 పోతే మిగిలేది 6,000. ఊళ్లో కూర్చుంటే వచ్చే పింఛనూ అంతేగా అంటారు. అంతే కాదు. పీఎఫ్ జమవుతుంది. ఈఎస్‌ఐ కార్డుతో వైద్యం దొరుకుతుంది. మామూలు ఉద్యోగులకు ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000 అయితే వికలాంగులకు 25,000. రెండేళ్ల తర్వాత జీతం పెరుగుతుంది, పింఛను మాత్రం ఎన్నికల కోసం ఎదురుచూడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏ బస్సెక్కాలో, ఏం తినాలో, ఎవరితో స్నేహం చేయాలో తనే తేల్చుకోవడం అలవాటవుతుంది. ఇంటి దగ్గర ఎంత ప్రేమగా చూసినా ఈ అలవాటు రాదు.

ప్రైవేటులో సర్కారులో లాగా తప్పనిసరి కోటా లేదు. 5 శాతం మందిని తీసుకునేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే చట్టం ప్రభుత్వాలకు చెప్పింది. అయితే ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట వికలాంగులకు తగిన పనులేమిటో, వాళ్ల విషయాలు చూసే అధికారి ఎవరో అందులో ఉండాలి. ఇంటర్వ్యూలో ఆ విధానం గురించి అడగండి. ర్యాంప్, టాయిలెట్, షిఫ్ట్ సమయం, రాత్రి క్యాబ్ గురించి కూడా చేరకముందే మాట్లాడుకోండి. హైదరాబాద్‌లో మొదలైన యూత్4జాబ్స్ లాంటి సంస్థలు శిక్షణ ఇచ్చి కంపెనీలతో కలుపుతాయి. వినికిడి లేని యువతకు హోటళ్లు, రిటైల్ షాపుల్లో ఇప్పుడు చోటు దొరుకుతోంది. సైగ భాష తెలిసిన తోటివాళ్లు ఒకరిద్దరు ఉన్న చోటుకే వెళ్లండి. ఒంటరిగా ఉంటే జీతం బాగున్నా నిలవడం కష్టం.

ఇవన్నీ చూశాక నా సలహా, ముందు ఉద్యోగం, తర్వాత కొట్టు. రెండు మూడేళ్లు ఎవరి దగ్గరైనా పనిచేస్తే కస్టమర్‌తో మాట్లాడటం, బిల్లు, లెక్క, వేళకు హాజరు కావడం అన్నీ వేరొకరి డబ్బుతో నేర్చుకోవచ్చు. సైడ్ వీల్స్ బండి కొనుక్కునేంత కూడబెట్టి ఊరికి వస్తే, సరుకు తేవడానికి తమ్ముణ్ని అడగక్కర్లేదు. అప్పుడు పెట్టే కొట్టు నిజంగా సొంతం.

ఇది అందరికీ సరిపోదు. ఒంటికి రోజంతా సాయం కావాల్సినవాళ్లకు నగరంలో జీతమంతా సహాయకుడికే పోతుంది. వాళ్లకు పింఛనూ, ఇంటి నుంచే చేసే పనీ కలిపితేనే మేలు. అలాంటివాళ్ల విషయంలోనూ 2016 చట్టం ఐదో సెక్షన్ స్పష్టంగా ఉంది, ఫలానా చోటే ఉండాలని ఎవరూ బలవంతం చేయకూడదు. పింఛను నుంచి సహాయకుడికి ఎంత ఇవ్వాలి, ఎవర్ని పెట్టుకోవాలి అన్నది ఆ మనిషినే అడగాలి.

అమ్మాయిల ఇళ్లలో ఉద్యోగం మాట ఎత్తగానే కాదంటారు. భద్రత గురించి అమ్మానాన్నల భయం అర్థం చేసుకోదగినదే. అలాంటప్పుడు ముందు శిక్షణకు పంపండి, ఆ కొద్ది వారాలూ హాస్టల్ ఎలా ఉందో మీరే వెళ్లి చూడండి, అదే బ్యాచ్‌లో మరో అమ్మాయితో కలిసి గది తీసుకోనివ్వండి. మొదటి జీతం ఆ అమ్మాయి పేరు మీదున్న ఖాతాలోనే పడాలి. ఏటీఎం కార్డూ ఫోన్‌పే పిన్నూ ఆ అమ్మాయి దగ్గరే ఉండాలి.